హ్యాండిల్ మీది తువ్వాల

జేబా ఇరవై రెండేళ్లుగా కరెంటు గురించే చదువుతోంది, కరెంటు గురించే రాస్తోంది. కానీ తడి చేత్తో స్విచ్ ముట్టుకోదు. ఆ మాటకొస్తే పొడి చేత్తో కూడా గోటి కొసతో నొక్కి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. ఆఫీసులో టీ కెటిల్ ప్లగ్గు పెట్టాలంటే "నాగరాణీ, జర రావా" అని నన్ను పిలుస్తుంది. రాష్ట్రంలో ఏ సబ్‌స్టేషన్ మీద ఎంత లోడు పడుతుందో కాగితం చూడకుండా చెప్పే మనిషి, కెటిల్ దగ్గర చిన్నపిల్లలా నిలబడి నా వేళ్ల వంకే చూస్తుంది. మొదట్లో నేను ప్లగ్గు పెడుతూ కావాలని "అమ్మో" అని అరిచేదాన్ని. మూడోసారి అరిచినప్పుడు ఆమె ముఖం చూసి, మళ్లీ ఎప్పుడూ ఆ వేషం వెయ్యలేదు.

మాది అచ్చంపేట. హైదరాబాదులో కరెంటు విధానాల మీద పనిచేసే ఒక చిన్న పరిశోధన సంస్థలో నేను తెలుగు టైపిస్టును, అనువాదకురాలిని. జేబా అక్కడ సీనియర్ రీసెర్చర్. హోదా పెద్దది, గది మాత్రం రెండు కుర్చీలు పడితే మూడో కుర్చీ పట్టదు.

ఆమె పని గురించి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. కరెంటు పంచే సంస్థ ఏటేటా ఒక పెద్ద కాగితాల కట్టను నియంత్రణ కమిషన్ ముందు పెడుతుంది. వచ్చే ఏడాది ఎంత కరెంటు కావాలి, ఎంతమంది సిబ్బంది కావాలి, ఛార్జీలు ఎలా ఉండాలి, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఎవరైనా చదవొచ్చు, అభ్యంతరం రాయొచ్చు, బహిరంగ విచారణకు వచ్చి మాట్లాడొచ్చు. ఎవరైనా అని చట్టంలో ఉందే గాని, ఆ తొమ్మిది వందల పేజీలు మొదలు నుంచి చివరి దాకా చదివేవాళ్లు పదిమంది ఉంటే గొప్ప. ఆ పదిమందిలో జేబా ఒకతె. ఆమె ఇంగ్లీషులో రాసినదాన్ని రైతులకు అర్థమయ్యే తెలుగులోకి తేవడం నా పని.

ఆమె భయం ఎక్కడిదో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. వాళ్లది దేవరకొండ. తండ్రి వహీద్‌ది ఖిల్లా కింది రోడ్డులో మోటర్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటర్లకు పాత రాగితీగ తీసి కొత్త తీగ చుట్టేవాడు. జేబా బడి నుంచి వచ్చి ఆ షాపులోనే కూర్చుని లెక్కలు చేసుకునేది. ఒక్కోసారి మోటరు ఒక్కటే, దాన్ని నడిపిన రైతు లేకుండా, ఎడ్లబండి మీద వచ్చేది. తెచ్చినవాళ్లు దాన్ని దించి గడప మీద కూర్చునేవాళ్లు. వహీద్ కూడా కాసేపు పని ఆపేసేవాడు.

"మోటరు కాలితే మా అబ్బా మళ్ల కడుతుండె. మనిషిని ఎట్ల కడుతడు? గప్పుడు నాకు ఎనిమిదేండ్లు. గా తెచ్చినోళ్ల ముఖాలు ఇప్పటికీ కనవడుతయి," అని ఒకసారి నాతో చెప్పింది.

ఇక తువ్వాల సంగతి. దాన్ని మొదట చూసింది 2019లో.

రాష్ట్రం వచ్చాక బోర్లకు రోజంతా కరెంటు ఇవ్వడం మొదలైంది. మంచిదే, ఎవరు కాదంటారు. కానీ అంతకుముందు తీగ తెగినా, తీగను తీగతో కలిపే జంపరు ఊడినా రైతులు కరెంటు కోత వేళ చూసుకుని స్తంభం ఎక్కేవాళ్లు. ఇప్పుడు కోత లేదు, తీగలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. లైన్‌మన్ ఒక్కడికి పద్నాలుగు ఊళ్లు. అతను వచ్చేదాకా వరి ఎండుతూ కూర్చోదు కదా. అందుకని రైతులే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఇనుప హ్యాండిల్ కిందికి దించి, కరెంటు ఆపి, స్తంభం ఎక్కుతారు. ఎక్కేవాడు ఒక్కడు. ఆ హ్యాండిల్‌తో అవసరం ఉన్నవాళ్లు ఇరవై మంది. ఎక్కినవాడు బత్తాయి తోట అవతల ఉంటే, ఇవతల హ్యాండిల్ దగ్గరికి వచ్చినవాడికి కనిపించడు.

దేవరకొండ దాటాక ఒక గూడెంలో మగవాళ్లు దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. హ్యాండిల్ దించినవాడు తన భుజం మీది తువ్వాల తీసి దాని మీద వేస్తాడు. తువ్వాల ఉన్నంతసేపు ఎవరూ హ్యాండిల్ ఎత్తరు. వేసినవాడే దిగి వచ్చి తీసుకోవాలి. దీని గురించి మాకు చెప్పింది ఐలేశం. గొర్లు కాసుకునే మనిషి, రెండెకరాల వరి, ఊళ్లో అందరికంటే బాగా స్తంభం ఎక్కుతాడు కాబట్టి అందరి స్తంభాలూ ఆయనే ఎక్కుతాడు. వహీద్ షాపుకు మోటర్లు మోసిన పాత గిరాకీ. జేబాను చూడగానే "వహీద్ సాబు బిడ్డవా" అని నెత్తి నిమిరాడు. ఆమె ఆయన్ని కాక అని, ఆయన భార్య సుక్కమ్మను చిన్నమ్మ అని పిలిచేది.

ఆ తువ్వాల చూసి జేబా మురిసిపోయింది. ఆ చుట్టుపక్కల రెండు వందల పన్నెండు మంది రైతులను అడిగింది. అందరూ ఒకే మాట చెప్పారు. నివేదికలో ఒక పేరా రాసింది. దాన్ని తెలుగులోకి తెచ్చింది నేనే, అందుకే ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది: "సిబ్బంది లేని చోట రైతులు తమంతట తాము ఒక నమ్మకమైన భద్రతా పద్ధతిని ఏర్పరచుకున్నారు. మేము కలిసినవారిలో ఇది విఫలమైందని చెప్పినవారు ఒక్కరు కూడా లేరు." టైపు చేస్తూ నేనూ గర్వపడ్డాను. మా జిల్లాలవాళ్లు ఎంత తెలివిగలవాళ్లో చూడండి అన్నట్టు రాశాం.

ఐదేళ్ల తర్వాత ఆ పేరా తిరిగి వచ్చి మా గొంతు పట్టుకుంది.

ఆ ఏడు జేబా పెట్టిన అభ్యంతరం ఒక్కటే. వ్యవసాయ లైన్ల మీద సిబ్బందిని పెంచాలి, స్తంభం ఎక్కే పని రైతు మీద వెయ్యొద్దు. దానికి కరెంటు సంస్థ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చింది. నేనే చదివి వినిపించాను. "అభ్యంతరదారే తన నివేదికలో పేర్కొన్నట్లు రైతులకు నమ్మకమైన భద్రతా పద్ధతి ఉన్నది. కావున అదనపు నియామకాల అవసరం కనబడుటలేదు."

జేబా కాగితం తీసుకుని తానూ చదివింది. మళ్లీ చదివింది. ఆ తర్వాత దాన్ని మడిచి బల్ల మీద పెట్టింది. 

"నా మాటతోనే నా నోరు మూసిండ్రు నాగరాణీ."

"ఇప్పుడు ఏం చేద్దాం?"

"గా తువ్వాల నమ్మేది కాదని చెప్పాలె."

చెప్పడానికి రుజువు ఏది? కమిషన్ ముందు ఊరికే భయమేస్తోందంటే కుదరదు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా తప్పిందో చూపాలి. ఐదేళ్లలో ఆ గూడెంలో తువ్వాల ఒక్కసారీ తప్పలేదు. మా డైరెక్టర్ రఘుపతి గారు మంచివాడే గాని పేరు పోతుందంటే పక్క మీద నిద్రపట్టని మనిషి. "మన నివేదికను మనమే తప్పంటే రేపు మన లెక్కలు ఎవడు నమ్ముతాడమ్మా? రుజువు దొరికితే మాట్లాడు, లేకపోతే ఆ సంగతి వదిలెయ్," అన్నాడు. ఆయన వెళ్లిపోయాక జేబా నా వైపు తిరిగింది.

"రుజువు అంటే ఏందో ఎరికేనా నీకు?" అంది. "అక్కడ ఎవరో ఒకరు సావాలె. గదే రుజువు. నేను రోజూ దువాలో కాక సల్లగుండాలె అని అడుగుతున్న. గది అడిగినంక, మరి విచారణల ఏం చూపెడుతవే అని నా లోపలనే ఇంకొకతె అడుగుతాంది. దానిని చూస్తె నాకు భయమైతాంది."

 నేను సర్ది చెప్పాల్సింది. "పిచ్చిదానా, చాయ్ తాగు" అని మాత్రం అన్నాను.

ఆ రోజు నుంచి ఆమెకు ఫోన్ పిచ్చి పట్టుకుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఐలేశానికి ఫోన్ చేసేది. ఎక్కకు కాకా అని బతిమాలేది. ఆయన నవ్వేవాడు. "నేను ఎక్కకుంటె ఎవ్వడు ఎక్కుతడు బిడ్డా? మా పక్క పొలం పర్వతాలుగాడు ఎక్కుతడా, వానికి గట్టు ఎక్కితెనే కండ్లు తిరుగుతయి. నువ్వేం ఫికర్ చెయ్యకు. తువ్వాల ఉన్నంక యముడు గూడ హ్యాండిల్ ముట్టడు."

"నీ మోటరు కాలితె మా అబ్బా కట్టిండు. నువ్వు కాలితె ఎవ్వలు కట్టాలె కాకా?"

ఆ మాటకు మాత్రం ఆయన నవ్వేవాడు కాదు. కానీ ఎక్కడం మానేవాడూ కాదు. స్తంభం మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తడు. మోగి మోగి ఆగిపోయిన ప్రతిసారీ జేబా కుర్చీలోంచి లేచి గదిలో తిరిగేది, మూడు అడుగులు ఇటు, మూడు అడుగులు అటు. ఆ గది అంతే.

విచారణ నల్గొండలో, వచ్చే సోమవారం అనగా, గురువారం నాడు మేమిద్దరం గూడెం వెళ్లాం. ఎవరికైనా తప్పబోయి తప్పించుకున్న సంగతి ఉందేమో అడుగుదామని. ఒక్కడైనా "ఒకసారి గాలికి తువ్వాల పడిపోయింది మేడం" అంటే చాలు. పొద్దున్నుంచి పదిహేడు మందిని అడిగాం. అందరిదీ పాత పాటే. పైగా కొందరికి కోపం కూడా వచ్చింది. మా పద్ధతిని శంకిస్తున్నారా అని.

యాసంగి నాట్లు అయిపోయి పొలాలన్నీ నీళ్ల కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. పొద్దున పదకొండు దాటాక ఏదో లైనులో జంపరు ఊడిందని కబురు వచ్చింది. ఐలేశం మా కళ్ల ముందే వెళ్లి హ్యాండిల్ దించాడు. ఎర్ర గళ్ల తువ్వాల తీసి దాని మీద వేసి, రెండు కొసలు సమానం చేశాడు. కటింగ్ ప్లేయరు చెవి వెనక పెన్సిల్ పెట్టుకున్నంత తేలికగా నడుముకు దోపుకుని బత్తాయి తోట లోపలికి వెళ్లాడు. జేబా ఆయన కనిపించకుండా పోయేదాకా చూసింది. తర్వాత ఇక అటు చూడలేక తల తిప్పేసుకుంది.

మేము ఐలేశం మోటరు కొట్టం పక్కన, కానుగ చెట్టు నీడలో కూర్చున్నాం. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ అరవై డెబ్బై అడుగుల దూరం. కాసేపటికి ఐలేశం తోటలోంచి తిరిగొచ్చాడు, సుక్కమ్మ దగ్గర చెంబెడు నీళ్లు తాగాడు, తీగముక్క ఒకటి తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. సుక్కమ్మ అప్పటికే గొర్రెపిల్లకు పాలసీసా పట్టే పనిలో పడింది. ఆయన మళ్లీ వెళ్లడం ఆమె చూడలేదు.

మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళయింది. జేబా నమాజుకు పరుచుకునే జానమాజు కారులో ఉంది, కారు పంచరు వేయించడానికి దేవరకొండ పోయింది. కింద చూస్తే ఎటు చూసినా గొర్ల పెంటికలే. ఎక్కడ నిలబడాలా అని జేబా చూస్తుంటే, సుక్కమ్మకు విషయం అర్థమైంది. ఆ గూడెంలో నాలుగు తురకోళ్ల ఇళ్లున్నాయి, నమాజుకు జాగా శుభ్రంగా ఉండాలని ఆమెకు తెలుసు.

"ఆగు బిడ్డా, గీ పెంటికల మీద వద్దు. శుభ్రమైన బట్ట తెస్త," అని లేచింది.

వెళ్లి తెచ్చింది. కొట్టం ముందు ఒక మూల ఊడ్చి, తెచ్చిన బట్ట పరిచింది. పొద్దుననే ఉతికి ఆరేసినట్టుంది, గంజి పెట్టినంత బిరుసుగా లేకపోయినా శుభ్రంగానే ఉంది. జేబా చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కుని వజూ చేసుకుని వచ్చి, దుపట్టా సర్దుకుని దాని మీద నిలబడింది.

నేనూ చూశాను. ఈ మాట నేను ఎవరికీ చెప్పకుండా ఉండలేను. సుక్కమ్మ ఎటు వెళ్లిందో చూశాను, ఏం తెచ్చిందో చూశాను. ఎర్ర గళ్లు కూడా చూశాను. ఆ పేరాను తెలుగులోకి తెచ్చి టైపు చేసిన చేతులు ఇవే. బత్తాయి తొక్క తీసుకుంటూ కూర్చున్నాను. ఆ ముసలిదాని మర్యాదకు ముచ్చటపడుతూ కూర్చున్నాను, నా బుర్రలో ఒక్క దీపమూ వెలగలేదు.

అవతలి బాట మీద ఒక టీవీఎస్ బండి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగింది. పర్వతాలు. ఇంజను ఆపకుండానే దిగాడు. హ్యాండిల్ కిందికి ఉంది. దాని మీద ఏమీ లేదు. పని అయిపోయి ఐలేశం పోయాడు, హ్యాండిల్ ఎత్తడం మరిచాడు అనుకున్నాడు. ఎవడైనా అదే అనుకుంటాడు. మా నివేదిక ప్రకారం కూడా అదే అనుకోవాలి.

జేబా సజ్దాలోకి వెళ్లింది. నుదురు బట్టకు ఆనింది.

ఆ తర్వాత చెప్పింది నాకు. ఆ బట్టలోంచి ట్రాన్స్‌ఫార్మర్ నూనె వాసన వచ్చిందట. ఎంత ఉతికినా పోని వాసన. వాళ్ల నాన్న షాపు వాసన. ఒక్క క్షణం ఆమె దేవరకొండలో ఎనిమిదేళ్ల పిల్ల. మరుక్షణం తన నుదురు దేని మీద ఉందో తెలిసింది.

ఎన్నడూ నమాజు మధ్యలో లేవని మనిషి లేచి పరుగెత్తింది. చెప్పులు లేవు. దుపట్టా ఎక్కడో పడిపోయింది. "ఎత్తకూ" అని అరిచిందనుకుంటుంది గాని, నిజానికి ఆ గొంతులోంచి మాట రాలేదు, ఒట్టి గాలి వచ్చింది. బండి ఇంజను మోతలో పర్వతాలుకు ఏమీ వినిపించలేదు. వాడు రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నాడు. అది కదిలింది. నేను చూస్తుండగా జానెడు పైకి లేచింది.

 బత్తాయి తొక్క ఇంకా నా చేతిలోనే ఉంది.

జేబా వెళ్లి ఆ హ్యాండిల్ మీద పడింది. పట్టుకోలేదు, పడింది. కెటిల్ ప్లగ్గు ముట్టని మనిషి రెండు చేతులూ ఆ ఇనుము చుట్టూ వేసి, కాళ్లు ముడిచి, ఒంటి బరువంతా దానికి వేలాడదీసింది. హ్యాండిల్ కిందికి వచ్చేసింది. పర్వతాలు బిత్తరపోయి వెనక్కి తూలి బండి మీద పడ్డాడు.

"ఏందమ్మా, ఏమైంది, ఎవ్వలు నువ్వు?"

ఆమె హ్యాండిల్ వదల్లేదు. తోట వైపు చూపించడానికి కూడా చెయ్యి తీయలేదు, గడ్డంతో చూపించింది. వాడికి అప్పుడు అర్థమైంది. అలాగే కింద కూలబడి నెత్తి కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

కానీ జానెడు లేచింది కదా. ఆ జానెడులో కరెంటు పోయిందో లేదో మాలో ఎవరికీ తెలియదు. నేను, సుక్కమ్మ తోటలోకి పరుగెత్తాం. సుక్కమ్మ "ఓ అయ్యా, ఓ అయ్యా" అని పిలుస్తోంది, జవాబు లేదు. బత్తాయి ముళ్లు చీర పట్టుకుని లాగుతున్నాయి. ఒక్కో చెట్టు దాటుతుంటే, అవతల నేల మీద ఏం చూడాల్సి వస్తుందో అని నేను కళ్లు మూసుకుని తెరుస్తున్నాను. అంత భయం నాకు నా బిడ్డ పుట్టినప్పుడు కూడా వెయ్యలేదు.

ఐలేశం స్తంభం మీదే ఉన్నాడు. ప్లేయరు పళ్ల మధ్య కరిచిపట్టుకుని రెండు చేతులతో తీగ మెలిపెడుతున్నాడు. అందుకే జవాబివ్వలేదు. మమ్మల్ని చూసి ప్లేయరు చేతిలోకి తీసుకుని, "ఏందే గట్ల ఉరుకొస్తుండ్రు, అన్నం మాడిందా?" అన్నాడు.

సుక్కమ్మ స్తంభం మొదట్లో కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. కిందికి దిగాక ఆయన చొక్కా పట్టుకుని అడిగిన మాట ఇది: "గా తువ్వాల ఎందుకేస్తవో నాకు చెప్తె నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా?"

 ఆమె ఆరేళ్లుగా ఆ తువ్వాల అక్కడ చూస్తూనే ఉంది. పైన చెమట పడుతుందని, మసి అంటుతుందని తీసి పెడతాడనుకుంది. ఆయన నీళ్లు తాగి వెళ్లడం చూసి, పని అయిపోయింది, మరిచిపోయాడనుకుంది. ఆ హ్యాండిల్ ఏ ఆడమనిషీ ముట్టదు. ముట్టనివాళ్లకు చెప్పాలన్న ఆలోచన ఒక్క మగాడికీ రాలేదు.

మాకు వచ్చిందా? మేము తోట ఇవతలికి వచ్చేసరికి జేబా ఇంకా హ్యాండిల్ పట్టుకునే ఉంది. ఐలేశాన్ని చూసింది. ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీస్తే తప్ప ఆమె చేతులు వదల్లేదు. అరిచేతుల నిండా తుప్పు, రక్తం. కింద కూర్చుని నన్ను చూసి ఒక్క మాట అంది.

"రెండు వందల పన్నెండు మందిని అడిగినం నాగరాణీ. అండ్ల ఆడోళ్లు ఎందరు?"

నాకు లెక్క తెలుసు. కనెక్షన్లు మగవాళ్ల పేరు మీద ఉన్నాయి కాబట్టి మగవాళ్లనే అడిగాం. తువ్వాల ఎప్పుడూ తప్పలేదని చెప్పింది తువ్వాల వేసేవాళ్లు. ఉతికేవాళ్లను మేము అడగలేదు. ఇద్దరు ఆడవాళ్లం సర్వే చేసి, ఒక్క ఆడమనిషినీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

సోమవారం నల్గొండ హాలు నిండుగా ఉంది. వేదిక మీద కమిషన్, ఒక పక్క కరెంటు సంస్థ అధికారులు, ఎదురుగా జనం. రఘుపతి గారు మొదటి వరసలో కూర్చున్నాడు. జరిగింది చెప్పాక ఆయన ఇంకేమీ అడ్డు చెప్పలేదు, ముఖం మాత్రం అదోలా పెట్టుకున్నాడు. జేబా పేరు పిలిచారు. ఆమె మైకు ముట్టుకోకుండా దానికి ముఖం దగ్గరగా పెట్టింది. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. కట్టు కట్టిన చేతులతో కాగితం విప్పింది. 

"ఈ పద్ధతి నమ్మకమైనదని నేనే రాసిన. అది తప్పు. ఆ తప్పు ఎట్ల బయటవడ్డదో చెప్పడానికి వచ్చిన. పోయిన గురువారం ఆ తువ్వాల హ్యాండిల్ మీద లేదు. నా మోకాళ్ల కింద ఉన్నది."

 ఆమె అంతా చెప్పింది. ఎవరి మీదా నెపం పెట్టలేదు, తన సర్వేలో లోపం దాచలేదు.  చివర, "ఆ తువ్వాల తీసినామె కూడా వచ్చింది, ఆమెను వినండి," అని కోరింది.

ఒక అధికారి లేచి, ఆమె పేరిట కనెక్షన్ లేదు కదా అన్నాడు. అధ్యక్షుడు చెయ్యి ఎత్తి ఆయన్ని కూర్చోమన్నాడు. సుక్కమ్మ మైకు ముందుకు వచ్చింది. అంత మందిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

"పెండ్లయినప్పటి సంది ఆయన తువ్వాల నేనే ఉతుకుతున్న సారూ. అది దేనికేస్తడో నాకు ఒక్కలు చెప్పలే. మీరు గూడ అడగలే. నేను నా మొగన్ని సంపుకుంటుంటి. నమాజు చేసుకునే బిడ్డకు జాగా శుభ్రంగుండాలని సంపుకుంటుంటి. గీ ప్రాణం బట్ట మీద ఎందుకు పెట్టిండ్రు సారూ?"

 రాసుకునేవాళ్లు రాసుకున్నారు.

మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. అభ్యంతరదారు తన నివేదికలోని ఫలానా పేరాను ఉపసంహరించుకున్నట్టు నమోదు చేశారు. ఖాళీలు ఆరు నెలల్లో నింపాలన్నారు. నేను తెలుగులోకి తెచ్చాను. జేబా చదివి, "మంచిగ రాసిండ్రు," అంది. ఆరు నెలలు అయ్యాయి, ఆ తర్వాత ఇంకో ఏడాది అయింది. లైన్‌మన్‌కు పద్నాలుగు ఊళ్లలో రెండు తగ్గి పన్నెండు అయ్యాయి. గూడెం ఆ రెండింట్లో లేదు. ఐలేశం ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు.

మారింది ఒక్కటే. ఇప్పుడు హ్యాండిల్ మీద తువ్వాల వెయ్యరు. ఆయన ఎక్కినప్పుడల్లా సుక్కమ్మ వెళ్లి దాని కింద కూర్చుంటుంది. జేబా కూడా ఐలేశానికి ఫోన్ చెయ్యడం మానేసి సుక్కమ్మకు చేస్తుంది. వారానికి రెండు మూడు సార్లయినా నేను వింటాను ఆ మాటలు. "దిగిండా చిన్నమ్మా?" "దిగిండు బిడ్డా." అంతే.

మొన్న పొద్దున నేను కెటిల్ ప్లగ్గు పెడుతున్నాను. జేబా నా వేళ్ల వంక చూస్తూనే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. గది చిన్నది కాబట్టి అవతలి గొంతు నాకూ వినిపించింది.

"దిగిండా చిన్నమ్మా?"

"ఇంక దిగలే బిడ్డా. నేను ఈడ్నే ఉన్న. నువ్వు ఫోన్ పెట్టెయ్. గీ హ్యాండిల్ రెండు చేతులతోని పట్టుకోవాలె."